కోడలి నోట్లో పుల్ల

“మీ పరీక్షకు వేళయింది! మీరు చేయగలరు!” అంటూ వంటగట్టు మీద కోడలి ఫోను పాట అందుకుంది.

“చేయగలదో లేదో నాతో ఎందుకు? వెళ్లి దానితో చెప్పు,” అంది కండక్టరమ్మ, మాడిన గిన్నె అడుగు గీకుతూ.

ఆమె ఉద్యోగం మానేసి ఏళ్లయింది. అయినా ఆ వీధిలో ఎవరూ ఆమెను వేరే పేరుతో పిలవరు. నిండు బస్సులో వెనక మెట్టు మీద నిలబడి, ముందు సీట్లో నిద్ర నటిస్తున్నవాడి చేత కూడా టికెట్టు కొనిపించిన గొంతు ఆమెది. ఇల్లు చిన్నది కదా అని తగ్గడం ఆ గొంతుకు చేతకాదు.

“అమ్మాయ్! మోగుతోంది!”

“వస్తున్నా అత్తయ్యా,” అంది కోడలు స్నానాలగదిలోంచి. ఆ మాట వచ్చి చాలాసేపైంది గానీ మనిషి రాలేదు. ఈలోపు ఫోను మళ్లీ మోగింది, మళ్లీ మీరు చేయగలరు అంది. చివరికి తలుపు తెరుచుకుంది. తడి జుట్టుతో, ఎవరినో కరవబోతున్నట్టున్న మొహంతో వచ్చి కోడలు కుర్చీలో కూలబడింది. అట్టపెట్టెలోంచి పొడుగాటి పుల్ల తీసింది. దాని చివర దూది ఉంటుంది. దాన్ని బుగ్గలో పెట్టుకుని, ఉమ్మి పట్టేదాకా ఉంచి, చిన్న ప్లాస్టిక్ బిళ్లలో గుచ్చాలి. ఇదంతా ఫోను కళ్లారా చూడాలి. ఫోను నిలబెట్టే స్టాండు మొదటి వారమే విరిగింది కాబట్టి ఆ పట్టుకునే ఉద్యోగం కండక్టరమ్మకు పడింది.

“ముఖాన్ని వృత్తంలోకి తీసుకురండి,” అంది ఫోను.

తీసుకొచ్చింది.

“వెలుతురు చాలదు.”

కుర్చీని కిటికీవైపు ఈడ్చారు.

“దయచేసి కదలవద్దు.”

“ఎవరు కదిలారే నీ మొహం! ఇంకాసేపు నిలబెడితే మా ఇద్దరికీ బూజు పడుతుంది!”

“గదిలో మరొకరి గొంతు వినిపిస్తోంది. దయచేసి మొదటినుంచి ప్రారంభించండి.”

నోట్లో పుల్లతో కోడలు మాట్లాడలేదు. కానీ ఆ చూపు చూస్తే మాటలెందుకులే అనిపించింది.

రెండోసారి ఎలాగో అయింది. బిళ్ల మీద గీత కోసం ఇద్దరూ వంగి చూశారు. గీత పడితే ఒళ్లు శుభ్రంగా ఉన్నట్టు, పడకపోతే ఆ విషం ఒంట్లో ఉన్నట్టు. ఈ తిరకాసు లెక్క కండక్టరమ్మకు ఒంటబట్టడానికి చాలాకాలం పట్టింది. గీత పడింది. ఫోను తెర నిండా రంగుకాగితాలు జల్లు కురిసినట్టు కురిశాయి. “అద్భుతం! మీ ఖాతాలో పాయింట్లు చేరాయి!”

“మట్టి తిననందుకు మెడలో దండ,” అంది కండక్టరమ్మ.

“దండ నా మెడలో కదా పడింది. మీకెందుకు బరువు?” అని కోడలు పుల్లను చెత్తబుట్టలో పడేసి, గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

ఈ తంతుకు ముందు ఆ ఇంట్లో ముగ్గురూ ఎవరి దారిన వాళ్లు బతికారు. కొడుకు దూరాలకు లారీ నడుపుతాడు, ఇంట్లో కనబడితే చుట్టం వచ్చినట్టే. కోడలు ఆస్పత్రుల దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీలో ఇస్త్రీ రోలర్ల దగ్గర పని చేస్తుంది. తడి దుప్పటి అంచులు పట్టి ఆ వేడి రోలర్ల మధ్యకు అందించడం, ఆవిరిలో నిలబడి ఇంకోటి అందుకోవడం, సాయంత్రం దాకా అదే. అత్తాకోడళ్ల మధ్య పోట్లాటలు లేవు. పోట్లాడుకోవాలంటే ముందు మాట్లాడుకోవాలి కదా. ‘గడియ పెట్టు’, ‘దీపం ఆర్పు’, వాళ్ల సంభాషణ అంతే.

తర్వాత కోడలు మారింది. మొదట్లో ఆ మార్పు కండక్టరమ్మకు నచ్చింది కూడా. ఇల్లంతా తుడిచేది, అలమరలు బోర్లించి సర్దేది, వరసగా రెండు షిఫ్టులు చేసొచ్చినా అలిసిపోయానన్న మాట లేదు. ఇన్నాళ్లకు ఒళ్లు వంచింది అనుకుంది అత్త. తర్వాత తిండి మానేసింది. బుగ్గలు లోపలికి పోయాయి. పళ్లు కొరుక్కునే చప్పుడు పక్కగదిలోకి వినబడేది. ఒకరోజు గోడకు చెవి ఆనించి నిలబడి ఉంది. ఏమిటే అంటే, అవతల తన గురించి మాట్లాడుకుంటున్నారంది. ఆ గోడ అవతల ఖాళీ స్థలం తప్ప మనుషులెవరూ లేరు.

ఆ తర్వాత సబ్బుపెట్టె అడుగున, గుడ్డలో చుట్టిన గాజుగొట్టం దొరికింది. ఒక చివర బుడగలా ఉబ్బి, లోపల పొగచూరి ఉంది. అలాంటివి లారీవాళ్ల దగ్గర ఉంటాయని కండక్టరమ్మ బస్టాండుల్లో విన్నదే. కొడుకు బండి దిగీదిగకముందే చెంప ఛెళ్లుమనిపించింది.

“ఏంటమ్మా! ఏం చేశాను?”

“ఇదేంట్రా? నిద్ర ఆపుకోవడానికి ఇది పీల్చి, స్టీరింగు ముందు కూర్చుంటున్నావా?”

వాడు ఆ గొట్టాన్ని చూసి, తల్లిని చూసి, నోరు తెరిచే లోపే వంటగదిలోంచి కోడలి గొంతు వచ్చింది. “ఆయనది కాదు అత్తయ్యా. నాది.”

లాండ్రీలో ‘చలాకీ’ అని ఒకామె ఉందట. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. రెండో షిఫ్టులో అందరూ వాలిపోతుంటే ఆమె ఒక్కతే గెంతుతూ తిరిగేది. “పటికబెల్లం ముక్క వేసుకో, నిద్ర ఎగిరిపోతుంది,” అని ఒకరోజు కోడలి చేతిలో పెట్టింది. చూడ్డానికి నిజంగా పటికబెల్లం పలుకుల్లాగే ఉంటుందట. మొదట రెండో షిఫ్టుకు మాత్రమే, తర్వాత మొదటి షిఫ్టుకు, తర్వాత లేచి మంచం దిగడానికే అది కావాల్సి వచ్చింది.

కొడుకు అరవలేదు, చెయ్యి చేసుకోలేదు. మర్నాడే బండెక్కి పోయాడు. దారిలోంచి తల్లికి ఫోన్ చేసి, “నేనొచ్చేసరికి అది మానేసి ఉండాలి. నువ్వు చూసుకో,” అన్నాడు. నువ్వు చూసుకో! బండి చక్రం పంచరైందా, చూసుకో అన్నట్టు.

చూసుకోవడానికి ఆమె కోడల్ని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన కోడలి పేరు రాసుకుని, జబ్బు పేరు మెథాంఫెటమిన్ అలవాటు అని చెప్పి, అది గోల చేసే జబ్బు కాదు, లోపల్నుంచి తొలిచే జబ్బు అన్నాడు.

“మాత్రలు రాసివ్వండి బాబూ.”

“నిద్రకీ దిగులుకీ ఉన్నాయమ్మా. ఈ అలవాటునే మాన్పిస్తుందని నమ్మకంగా ఇచ్చే మాత్ర ఇంకా లేదు. ఆస్పత్రిలో మంచం దొరకాలంటే చాలా ఆగాలి. ఈలోపు ఇది మొదలుపెడదాం,” అని ఆయన కోడలి ఫోన్లోనే ఏదో ఎక్కించాడు. అది తనకిష్టమొచ్చిన రోజున, ఇష్టమొచ్చిన వేళకు పరీక్ష అడుగుతుంది. శుభ్రంగా ఉంటే బహుమతి పాయింట్లిస్తుంది. కోరిక పుట్టినప్పుడు ఏం చేయాలో చెబుతుంది. వారానికోసారి కౌన్సెలర్ మొహం చూపిస్తుంది.

“ఫోను పట్టుకు కూర్చోవడమే ఒక జబ్బంటారు. ఈ జబ్బుకు మళ్లీ ఫోనే మందా?”

ఆయన నవ్వాడు. “ఇంట్లో తోడుండే మనిషి ఒకరు కావాలి. ఎవరి నంబరు ఇద్దాం?” అని కోడల్ని అడిగాడు.

“మా అత్తయ్యది.”

“నాదా?” అంది కండక్టరమ్మ.

“ఇంకెవరున్నారు?” అంది కోడలు, నేల చూస్తూ.

అలా మొదలైంది. మొదటి వారాలు కోడలు నిద్రపోయింది. లేచి తిని మళ్లీ నిద్రపోయింది. నిద్ర లేని వేళల్లో ఏడ్చింది, లేకపోతే చెంచా కింద పడితే చాలు కస్సుమంది. చుట్టాలెవరైనా ఫోన్ చేస్తే “జ్వరం” అని చెప్పాలి. ఆ జ్వరం ఎన్నాళ్లుంటుందే అని కండక్టరమ్మ ఆడపడుచు ఎగతాళి చేసింది. పదిమందిలో పడి మాట్లాడితే గానీ అన్నం అరగని కండక్టరమ్మకు ఈ కక్కలేని, మింగలేని బతుకు ప్రాణాంతకంగా ఉంది. ఆ కోపమంతా ఫోను మీద తీర్చుకునేది. అది మాట్లాడే తెలుగు ఒకటి, చెవిలో సీసం పోసినట్టుండేది.

“ఇప్పుడు మీలో తృష్ణ ఎంత ఉంది? ఒకటి నుంచి పది వరకు కొలిచి చెప్పండి,” అంది ఒకరోజు.

“తృష్ణ ఎవరే? లాండ్రీలో ఇంకొకతా?” అని కళ్లెర్రజేసింది కండక్టరమ్మ.

కోడలు బిత్తరపోయి, తర్వాత నవ్వు ఆపుకోలేక దగ్గింది. “మనిషి కాదు అత్తయ్యా. దాని మీదికి మనసు పోవడం.”

“యావ అని చెప్పొచ్చుగా శుభ్రంగా! ఎంతుందీ?”

“ఏడు.”

“ఏడా? అయితే లే. ఏడుకు ఏం చేయమంది అది?”

“చల్లనీళ్లతో మొహం కడుక్కుని, నడవమంది. యావ అల లాంటిదట. మునగకుండా నిలబడితే దానంతటదే దిగుతుందట.”

“మరి ఇంకా కూర్చున్నావేం? పద!”

వీధి చివర దాకా, అక్కణ్నుంచి పెట్రోలు బంకు దాకా, అక్కణ్నుంచి వెనక్కి నడిచారు. దారి పొడుగునా కండక్టరమ్మ ఎక్కడెక్కడ స్టాపులుండేవో, ఏ స్టాపులో ఎవడు డబ్బులెగ్గొట్టి దిగేవాడో చెప్పింది. కోడలు వింటోందో లేదో తెలీదు గానీ ఇంటికొచ్చేసరికి యావ మూడుకు దిగింది. ఆ తర్వాత పాయింట్లు పోగేసి కోడలు ఒక జత చెప్పులు తెచ్చుకుంది, అడుగు మెత్తగా ఉండేవి. “లంచం చెప్పులు,” అంది అత్త. “అవును, లంచమే. ఆ పటికబెల్లం కూడా లంచమే ఇచ్చేది. దీనిలో కనీసం కాళ్లు నొప్పెట్టవు,” అంది కోడలు. కండక్టరమ్మకు ఆ పూటంతా చిరాగ్గానే గడిచింది.

లాండ్రీకి పెట్టిన సెలవు అయిపోయింది. కోడలు పనిలోకి వెళ్లింది. అదే లాండ్రీ, అవే రోలర్లు. వద్దన్నా వేరే పని వెంటనే ఎక్కడ దొరుకుతుంది? కౌన్సెలర్ భయపడింది, కండక్టరమ్మ భయపడింది, కోడలు మాత్రం “నాకేం కాదు” అంది. ఆ మాట విన్నప్పుడే అత్తకు కుడిచెయ్యి దురద పెట్టింది.

ఒక మధ్యాహ్నం కండక్టరమ్మ ఫోను మోగింది. “మీ ఆత్మీయురాలి పరీక్ష ఇంకా అందలేదు. గడువు ముగియబోతోంది.”

“ఆత్మీయురాలట!” అనుకుంటూ చుట్టూ చూసింది. ఆత్మీయురాలి ఫోను మంచం మీద, దిండు కింద సగం దాగి ఉంది. పనికెళ్లేటప్పుడు చెప్పులు మరిచిపోతారేమో గానీ ఫోను మరిచిపోయేవాళ్లు ఈ కాలంలో ఎక్కడున్నారు?  కండక్టరమ్మకు కోపం ముంచుకొచ్చింది. ఫోనూ, అట్టపెట్టెలోంచి ఒక పుల్లా, బిళ్లా సంచిలో పడేసుకుని, చెంగు బిగించి బయల్దేరింది.

లాండ్రీ గేటు దగ్గర కాపలావాడు ఆపాడు. “లోపలికి పోకూడదమ్మా.”

“జరుగు. దారికడ్డంగా నిలబడితే వెనకవాళ్లు ఎలా ఎక్కుతారు?” అంది ఆమె. వాడు ఎందుకో తెలియకుండానే జరిగాడు.

లోపల ఆవిరికి ఊపిరాడలేదు. చక్రాల తొట్లలో దుప్పట్లు కొండల్లా పేరుకుని ఉన్నాయి. రోలర్ల దగ్గర కోడలు లేదు. ఎవరో వెనకగది వైపు చూపించారు. మురికి దుప్పట్ల మూటల మధ్య, నేల మీద, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని ఉంది. కళ్లు మరీ పెద్దవై ఉన్నాయి. వేళ్లు ఒక దుప్పటి అంచులోంచి దారాలు లాగుతున్నాయి. లాగిన దారాలు పక్కన చిన్న కుప్పయ్యాయి.

“ఫోను మర్చిపోయి వచ్చావు.”

“మర్చిపోలేదు.”

కండక్టరమ్మ చెయ్యి లేచింది. లేచిన చెయ్యిని ఏం చేయాలో తెలియక, పక్కనున్న మూట మీద ధబీమని వేసింది. “ఎప్పుడు?”

“పొద్దున. రోలరు ఆగిపోయింది అత్తయ్యా. తొట్లన్నీ నిండిపోయాయి. సూపర్‌వైజరు నెత్తి మీద నిలబడ్డాడు. చలాకీ వచ్చి చేతిలో పెట్టింది. నేను అడగలేదు.” ఇంకో దారం లాగి, “వద్దని కూడా అనలేదు,” అంది.

సంచిలో ఫోను మళ్లీ మోగింది. గడువు, గడువు అంటోంది. కోడలు అత్త చీర అంచు పట్టుకుంది. “వద్దు. టైము పోనివ్వండి. ఫోను ఇంట్లో ఉండిపోయిందని మీరే చెప్పండి, నమ్ముతారు. ఇప్పుడు పరీక్ష చేస్తే ఆయనకు వెళ్తుంది. ఆయన ఇక రాడు.”

నిజమే. ప్రతి పరీక్ష ఫలితం తన ఫోనుకు రావాలని కొడుకు పంతం పట్టి కలిపించుకున్నాడు. ఒక్క అబద్ధం. చిన్నది. ముసలావిడ చెప్తే ఎవరు కాదంటారు? కండక్టరమ్మ నిజంగానే తూచింది. వాడు బండి దిగి ఇంట్లోకి రాకుండా పోవడం కళ్లముందు కనబడింది. గడువు పోనిద్దామా అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది.

అప్పుడే తలుపు దగ్గర ఒక మొహం కనబడింది. పలచటి, చురుకైన మొహం, గబగబా ఆడే కళ్లు. “అయ్యో, మీరా పెద్దమ్మా? దీనికి ఒంట్లో బాలేదు. మీరు వెళ్లండి, నేను చూసుకుంటాగా.”

చూసుకుంటుందట! ఇప్పటిదాకా నాలుక మీదున్న అబద్ధం ఆ ఒక్క మాటకు ఆవిరైపోయింది.

“నువ్వేనా చలాకీ? నువ్వు చూసుకున్నది చాల్లే తల్లీ. ఇదిగో, ఇలా రా, నువ్వు కూడా కనబడు,” అని కండక్టరమ్మ ఫోను ఎత్తి పట్టింది. కెమెరా తనవైపు తిరగ్గానే ఆ మొహం తలుపు దగ్గర లేదు.

“నోరు తెరువు,” అంది కోడలితో.

“అత్తయ్యా—”

“తెరవమన్నానా! ఏది ఉంటే అదే పడుతుంది. వాడి సంగతి నేను చూసుకుంటా.”

పుల్ల బుగ్గలో కూర్చుంది. కోడలి కళ్లలోంచి నీళ్లు కారి ఆ పుల్ల మీదుగా జారాయి. ముఖాన్ని వృత్తంలోకి తీసుకురమ్మని ఫోను అడిగింది, తీసుకొచ్చారు. కదలవద్దంది, కదల్లేదు. బిళ్ల మీద గీత కోసం వంగి చూశారు. చూస్తూనే ఉన్నారు. గీత రాలేదు.

“నిజాయితీగా పరీక్ష ఇచ్చినందుకు ధన్యవాదాలు,” అంది ఫోను, ఎప్పటి గొంతుతోనే. “ఇవాళ పాయింట్లు లేవు. మళ్లీ మొదలుపెడదాం.”

“ధన్యవాదాలా? సిగ్గుందా నీకు? ఇల్లు కాలుతుంటే ధన్యవాదాలు చెప్తావా?” అని అరిచి, కౌన్సెలర్ బొమ్మ మీద వేలితో ఒకటికి నాలుగుసార్లు పొడిచింది.

కాసేపటికి తెర మీద కౌన్సెలర్ అమ్మాయి వచ్చింది. జుట్టు చెదిరి ఉంది, ఎవరితోనో మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురు పోయింది.

“ఏమ్మా, నీ ఫోను దీన్ని మెచ్చుకుంటోంది! నా బస్సులో టికెట్టు లేకుండా దొరికినవాణ్ణి దించేసేదాన్ని. ధన్యవాదాలు చెప్పేదాన్ని కాదు. ఒక్క తిట్టు తిట్టండి కనీసం! మీకు జీతమెందుకు?”

“అమ్మా, తిట్లతో మానేదైతే మీ నోటికి ఎప్పుడో మానేసి ఉండేది,” అంది ఆ అమ్మాయి, ఆమెకూ ఓపిక అయిపోయిందని తెలిసేలా. “ఆమె దించేయాల్సిన మనిషి కాదండి. ఎక్కించుకోవాల్సిన మనిషి. ఇవాళ పాయింట్లు పోయాయి, అది చాలు శిక్ష. ఇప్పుడు తిట్టడానికి టైము లేదు. ముందు ఆమె గుండె ఎలా కొట్టుకుంటోందో చెప్పండి. ఛాతీలో నొప్పుందా? మంచినీళ్లు తాగించారా?”

కండక్టరమ్మ తెల్లబోయి కోడలి మణికట్టు పట్టుకుంది. నొప్పి లేదంది కోడలు, గుండె మాత్రం దడదడలాడుతోంది. నీళ్లు తాగించింది. చల్లగా ఉన్న చోటికి తీసుకెళ్లమంది కౌన్సెలర్. నొప్పొచ్చినా, ఒళ్లు కాలిపోయినా ఆగకుండా ఆస్పత్రికి పొమ్మంది. తర్వాత కోడలితో మెల్లగా మాట్లాడింది: పొద్దున ముందు ఏం జరిగింది, దానికి ముందు ఏం జరిగింది, చలాకీ ఏ దారిన వచ్చింది, అప్పుడు నీ చేతులు ఖాళీగా ఉన్నాయా. ఒక్కసారైనా ఎందుకు చేశావని అడగలేదు. కండక్టరమ్మకు మాత్రం ఆ ఒక్క ప్రశ్న గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంటికి నడుస్తుండగానే కొడుకు ఫోన్ వచ్చింది.

“చూశాను. చాలమ్మా ఇక. దాన్ని వాళ్లింటికి పంపించెయ్.”

“ఒరేయ్, రోడ్డు మీద ఇంజను ఆగిపోతే లారీని అక్కడే వదిలేసి వస్తున్నావా? రెండ్రోజులు దాని కిందే పడుకుని, ఒంటి నిండా గ్రీజు పూసుకుంటావు కదా? ఇన్నాళ్లూ ఆ ఫోన్లో గీత పడిందా లేదా అని చూసి తీర్పులు చెప్తున్నావు. ఒక్కసారి ఆ ఫోను పట్టుకున్నావా నువ్వు? నా చేతులు లాగేస్తున్నాయి. వచ్చి పట్టుకో.”

“నావల్ల కాదమ్మా.”

“నావల్ల అయిందా? అయిందని ఎవరు చెప్పారు నీకు?” ఈసారి ఆమె గొంతు పగిలింది. “పొద్దున్నే లేచి ఆ ఫోనుతో పోట్లాడుతున్నాను, నీ పెళ్లాంతో పోట్లాడుతున్నాను, నీతో కూడా నేనే పోట్లాడాలా? పాపం, ఇవాళ అది నిజం చూపించింది. చూపించకుండా దాచొచ్చు, దాచలేదు. నేనే దాచేదాన్ని ఇంచుమించు. రా ఇంటికి.”

ఫోను కట్టేసి సంచిలో పడేసింది. పక్కన నడుస్తున్న కోడలు ఆగి, అత్త మొహంలోకి చూసింది. “చూస్తావేం? నడువు,” అంది కండక్టరమ్మ.

వాడు వెంటనే రాలేదు. వచ్చాక కూడా గుమ్మం దగ్గర చెప్పులు విప్పడానికి చాలాసేపు తీసుకున్నాడు. అత్త మధ్యలోకి పోకుండా పెరట్లో బట్టలు ఆరేసింది. లోపల ఏం మాట్లాడుకున్నారో వినబడలేదు. వినడానికి ఆమె ప్రయత్నించలేదని కాదు. తర్వాతి పరీక్షకు ఫోను వాడే పట్టుకున్నాడు. “దయచేసి ఫోనును స్థిరంగా ఉంచండి,” అంది అది. ఇంత పొడవు బండిని ఇరుకు మలుపుల్లో తిప్పేవాడికి ఆ చిన్న ఫోనును కుదురుగా పట్టుకోవడం రాలేదు. “నీకంటే స్టాండే నయం,” అని తల్లి విసుక్కుంది. గీత పడింది. వాడు బిళ్లను కిందపెట్టకుండా చాలాసేపు పట్టుకునే ఉన్నాడు.

కోడలు లాండ్రీలో పని మార్చుకుంది. సూపర్‌వైజరుతో ఏం చెప్పాలో, ఏం చెప్పక్కర్లేదో కౌన్సెలర్ ఆమె చేత ఫోన్లోనే నాలుగైదుసార్లు పలికించింది. అత్తను మాత్రం ససేమిరా లోపలికి రావొద్దంది. “మీరొస్తే లాండ్రీ అంతటికీ తెలిసిపోతుందమ్మా.” కండక్టరమ్మ గేటు బయట నిలబడి, నోరు కట్టుకుని, కాపలావాడి మీద చిరాకు పడింది. ఆవిరి పడటం లేదని చెప్పి కోడలు చిరిగిన దుప్పట్లు కుట్టే గదికి మారింది. జీతం కాస్త తగ్గింది. ఆ గదికి వేరే గేటు ఉంది. చలాకీ నంబరును ఫోన్లోంచి తీసేసింది. ఒకటి రెండుసార్లు చలాకీ బస్సుస్టాపు దగ్గర కనబడి నవ్విందట. “తల తిప్పుకుని నిలబడ్డానత్తయ్యా. యావ తొమ్మిది.” ఆ తొమ్మిదిని దించడానికి ముగ్గురూ పెట్రోలు బంకు దాకా నడిచారు. కొడుకు వెనక నడిచాడు.

చలికాలంలో మళ్లీ ఒకసారి జారింది. ఈసారి ముందు కౌన్సెలర్‌కు ఫోన్ చేసి చెప్పింది, తర్వాత మొగుడికి చెప్పింది, ఆఖర్న అత్తకు. కండక్టరమ్మకు జారినందుకు వచ్చిన కోపం ఒక పూటలో పోయింది గానీ, తనకు ఆఖర్న చెప్పినందుకు వచ్చిన కోపం వారం దాటినా చల్లారలేదు. “ఊళ్లో అందరికీ చెప్పాక నేను గుర్తొచ్చానా?” అని రోజూ అడిగేది. కోడలు రోజూ “అవును, అరుస్తారని” అనేది.

అక్కడి నుంచి మళ్లీ గీతలు పడ్డాయి, పడుతూ వచ్చాయి. ఫోనులో చికిత్స ముగిసే రోజు కౌన్సెలర్ మొహం చూపించి, ఇక నెలకోసారి మాట్లాడుకుందాం, యావ పుడితే మాత్రం ఎప్పుడైనా పిలవండి అని చెప్పింది. ఆ రంగుకాగితాలు చివరిసారి కురిశాయి. తనకు చెప్పలేనంత విశ్రాంతి దొరుకుతుందని కండక్టరమ్మ అనుకుంది. అలా ఏం జరగలేదు. కోడలు లేచి తిరగడం మొదలుపెట్టాక, ఇంట్లో ఆమె చెయ్యి పడని చోటు లేకుండా పోయింది.

ఒక సెలవురోజు అడక్కుండానే ముందుగది కర్టెన్లన్నీ తీసి, వేడినీళ్లలో నానబెట్టి ఉతికేసింది. ఆరాక మళ్లీ తగిలిస్తే అవి కిటికీ అడుగుకు నాలుగువేళ్లు పైనే వేలాడాయి.

“నా కర్టెన్లు!” అంది కండక్టరమ్మ. “దుప్పట్లు ఉతికే కంపెనీలో పని చేస్తూ, కర్టెన్‌ను వేడినీళ్లలో వేయకూడదని తెలీదా నీకు?”

“చల్లనీళ్లకు ఆ జిడ్డు వదిలేదా? మీరు ఈ ఇంటికొచ్చిన రోజు నుంచీ ఉతికినట్టు లేదు వాటిని!”

“నేను ఉతకలేదా? ఎవరితో మాట్లాడుతున్నావే?”

“మీతోనే. ఇంకెవరున్నారు ఇక్కడ?”

“అంత నోరా? ఇన్నాళ్లూ చేసిందానికి—”

“ఇన్నాళ్లూ చేశారు, కాదన్నానా? కర్టెన్లు మాత్రం మురికిగానే ఉన్నాయి. అత్తయ్యా, నిజం చెప్పండి, అవి అసలు ఏ రంగువో మీకు ముందే తెలుసా?”

కండక్టరమ్మ కిటికీ వైపు చూసింది. బూడిదరంగు అనుకున్నవి లేతపచ్చగా ఉన్నాయి. ఆ నిజం ఒప్పుకోవడం కన్నా చావడం నయమనిపించింది. కుర్చీలో కూర్చున్న కొడుకు, తల్లినీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూసి, మొహం అటు తిప్పుకుని నవ్వాడు.

“పళ్లికిలిస్తావేంట్రా?” అని వాడి మీదికి దూకింది ఆమె. “స్టూలు తీసుకురా. ఇవి దించు. నాలుగువేళ్ల గుడ్డ అంచుకు కలిపి కుట్టాలి. ఇదిగో, ఈ మహాతల్లి కుట్టుగదిలో పని చేస్తోందిగా, అదే కుడుతుంది.”

“ఇవాళ నాకు సెలవు,” అంది కోడలు. అని, దారం ఏ రంగుదుందో వెతకడానికి లోపలికి పోయింది.